వానపాములకు పరచిన కాగితం

మెహర్ సుల్తానా చెల్లెలి పెళ్ళికని నిజామాబాద్ పోతూ ఎరువు కోసం పెంచుకునే తన వానపాముల తొట్టిని ఎదురింటి తెరెసమ్మకు అప్పగించింది.

"పెద్దమ్మా, నా పానం నీ కాడ పెట్టి పోతున్న. కింద అట్టముక్కలు పరుపు లెక్క మెత్తగ పరువు. నానబెట్టి, బట్ట పిండినట్టు పిండాలె. దాని మీద పాత లద్దె పలచగ ఎయ్యి. కొత్తది ఎయ్యకు, వేడికి సస్తయి."

ఆ లద్దె మెహర్ భర్త తెచ్చేది. మొక్కల నర్సరీలో పని అతనికి. గుర్రాలశాల నుంచి మాగిన లద్దె సంచుల్లో తెచ్చి ఇచ్చేవాడు. ఈ అరబ్బు దేశంలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని ఆ బిల్డింగులో, కూతురు డయానా డ్యూటీకి వెళ్ళిపోతే, తెరెసమ్మతో తెలుగులో పలికే మనిషి మెహర్ ఒక్కతే.

ఎవరు గడప దాటినా తెరెసమ్మకు గుండెదడే. భర్త భీమవరం బజారుకెళ్ళి శవమై ఇంటికొచ్చాడు. అప్పటినుంచి 'వెళ్ళొస్తాను' అన్న మాట ఆమె నమ్మలేదు. మెహర్ వచ్చేసరికి తొట్టి పాడైతే ఆ పిల్ల కూడా తనకు దూరమైపోతుందని బెంగపెట్టుకుంది. వాషింగ్ మెషీన్ పక్కనున్న ఆ తొట్టి మూత పదేపదే తీసి చూసేది.

"అస్తమానం మూత తీస్తుంటే వాటికి నిద్రెలా పడుతుందమ్మా? నన్నైనా ఇంతలా చూసుకున్నావా?" అని డయానా నవ్వింది.

"నీకు నోరుంది, ఏడిచి అడిగేదానివి. ఇవి అడగలేవుగా!"

అట్టలు అయిపోయాయి. కింద కొట్టువాడిని అడిగితే "మాఫీ" అని, లేవన్నట్టు చేతులూపాడు. ఇంట్లో తెలుగు వారపత్రికలు దొంతరగా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంది గాని చింపడానికి మనసొప్పలేదు. బడి మొహం చూడని మనిషి ఆమె. పప్పు పొట్లాలు, బెల్లం పొట్లాలు విప్పి, ఆ కాగితాలు మోకాలి మీద సాపు చేసుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. ఇప్పటికీ కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకుంటుంది.

మెట్ల కింద ఎవరో పారేసిన అరబ్బీ పేపర్ల కట్ట కనిపించింది. తీగలు అల్లినట్టున్న రాత. దాన్ని పైకి తెచ్చి, సన్నగా చింపి, నానబెట్టి, పిండి, తొట్టిలో పరిచింది. పైన లద్దె చల్లింది. వానపాములు ఆ పక్కలోకి హాయిగా దూరిపోయాయి. ఆ రోజు అన్నం రుచిగా తింది.

పెళ్ళి ముగించుకుని మెహర్ మిఠాయి పెట్టెతో వచ్చింది. బురఖా అయినా తియ్యకుండా తొట్టి దగ్గర కూర్చుని మూత తీసింది.

"అబ్బో, మస్తు పెరిగినయి పెద్దమ్మా! ఏం మందు పెట్టినవ్?"

"మందేముందమ్మా, నువ్వు చెప్పినట్టే చేశాను."

మెహర్ చేత్తో కెలికింది. వేలికి కాగితం పీలిక అంటుకుంది. విదిలించబోయి ఆగింది. మీది లద్దె చిటికెన వేలితో తుడిచి వెలుతురుకు పట్టి చూసింది. ఆమె నవ్వు చెదిరిపోయింది.

"ఇది ఎవరో సచ్చిపోతే ఏసిన ప్రకటన పెద్దమ్మా. పైన అల్లా పేరుంది."

భర్త పోయినప్పుడు అచ్చేయించిన ఆదరణ కూడిక కార్డు తెరెసమ్మ బైబిల్లో ఉంది. దాని మీదా దేవుని వాక్యం ఉంది. ఇన్నేళ్ళూ దాని మూల నలగనివ్వలేదు. ఆ కార్డే ఈ లద్దె కింద కనబడింది ఆమె కళ్ళకు.

'తెలీలేదమ్మా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అది అబద్ధం. అవి అక్షరాలని తెలుసు. తనవి కావు, అంతే.

"నావి చింపలేకపోయానమ్మా. అందుకే ఇవి చింపాను" అంది.

మెహర్ చేతులు కడుక్కుని వచ్చి, తెల్లటి బట్ట పరిచి, అల్లా పేరున్న పీలికలు ఒక్కొక్కటే ఏరసాగింది. తెరెసమ్మ కూడా చెయ్యి పెట్టబోయింది.

"నువ్వుండు పెద్దమ్మా. ఏది పేరో నీకు ఎర్కలేదు గద."

ఆ గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. తెరెసమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"చూపించమ్మా. నేర్చుకుంటాను."

మెహర్ ఆమె మొహంలోకి చూసి, ఒక పీలిక ముందుకు చాపింది. "ఇగో. మూడు నిలువు గీతలు, ఆఖర్ల చిన్న ముడి."

తెరెసమ్మ కళ్ళజోడు పెట్టుకుని తొట్టిలోకి వంగింది. పొట్లం కాగితాల నాటిలాగే పెదవులు కదిలాయి. ఒకటి దొరికింది. ఇంకొకటి. దొరికినప్పుడల్లా, తొలిసారి మాట చదివినప్పటి సంతోషమే ఎగదన్నింది. ఆ సంతోషానికి మళ్ళీ సిగ్గుపడింది.

ఒక పీలికను వానపాములు సగం తినేశాయి. రెండు గీతలే మిగిలాయి, ముడి లేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక అరచేతిలో ఉంచి చూపింది. మెహర్ చాలాసేపు చూసి, దాన్ని కూడా తెల్లబట్టలోనే పెట్టింది.

"ఇవి మంచి జాగల పాతిపెడత" అంటూ మూట కట్టి లేచింది. "రేపు అట్టలు తెస్త. తొట్టి ఈడనే ఉండనీ. నీ ఇల్లు సల్లగుంటది."

తలుపు దగ్గర ఆగి, "పోయొస్త పెద్దమ్మా" అంది.

ఆ మాట ఈసారి నమ్మాలనిపించింది. కానీ బదులు చెప్పాలంటే తలెత్తాలి. తెరెసమ్మ తొట్టిలోకే చూస్తూ ఉండిపోయింది.