పదిహేను నల్ల ముక్కలు

నానోట్యూబుల గురించి మొదలుపెడితే నేను ఆగను, కాబట్టి గబగబా చెప్పేస్తాను. చూడ్డానికి దీపం మసిలా ఉండే పొడి. కానీ అందులో ఒక్కొక్కటీ వెంట్రుక కంటే వేల రెట్లు సన్నటి కార్బన్ గొట్టం, దాని బలం ముందు ఉక్కు కూడా దిగదుడుపే! దాన్ని ఎపాక్సీ రెసిన్‌లో కలిపితే రెసిన్ గట్టిపడాలి. గొడవల్లా ఒకటే, ఆ పొడి ఉండలు కట్టేస్తుంది. అల్ట్రాసౌండ్ పెట్టి విడగొట్టాలి. తక్కువసేపు పెడితే ఉండలు పోవు, ఎక్కువసేపు పెడితే గొట్టాలే తెగిపోతాయి. మరి ఎంతసేపు పెట్టాలి? అదే నా పీహెచ్‌డీ. రెండు గంటలు పెట్టిన రెసిన్‌తో పోసినవి అయిదు ముక్కలు, నాలుగు గంటలవి అయిదు, ఆరు గంటలవి అయిదు. మా గైడ్ సార్ ఎవరినో బతిమాలి తెప్పించిన నాలుగు గ్రాముల పొడి వాటితో సరి.

అది 2003 సెప్టెంబరు. విశాఖలో మా యూనివర్సిటీ మెషీన్ పాడైంది. శుక్రవారం రివ్యూ కమిటీ, రిజల్ట్స్ లేకపోతే ఫెలోషిప్ ఆపేస్తామన్నారు. రాయగడలో హోల్‌సేల్ కొట్టు నడిపే మా నాన్న, కోరాపుట్ దగ్గర ఒక కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్న త్రినాథరావు బాబాయ్‌కి ఫోన్ చేశారు. అక్కడ ముక్కల్ని లాగి తెంపే మెషీన్ ఉంది.

మంగళవారం సాయంత్రం వెళ్లి బాబాయ్‌కి ముక్కలు ఇచ్చాను.

"రేపు విశ్వకర్మ పూజ అమ్మీ, మిషను ముట్టుకోం. ఎల్లుండి పొద్దున్నే వచ్చీ."

"జాగ్రత్త బాబాయ్."

"నీ ముక్కలేటి, లేచి పారిపోతాయేటి?"

గురువారం పొద్దున్నే వెళ్లేసరికి ల్యాబంతా అగరొత్తుల వాసన. మెషీన్‌కి బంతిపూల దండ, సుత్తికి సింధూరం, స్పానర్లకి సింధూరం, ఆఖరికి కాలిక్యులేటర్‌కీ సింధూరం. ఇత్తడి పళ్లెంలో నా పదిహేను ముక్కలూ పువ్వు రేకుల్లా గుండ్రంగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదానికీ ఎర్రటి బొట్టు.

"సూసేవా! నీయి కూడా పూజలో ఎట్టేను. ఏటో తెల్లగా గీతలు పడిపోనాయి, పెయింటు తిన్నరెట్టి తుడిసేసేను. ఎలా మెరుస్తన్నాయో సూడు!"

అవి నేను వెండిరంగు పెన్నుతో పెట్టిన గుర్తులు. ఒక గీత రెండు గంటలు, రెండు గీతలు నాలుగు, మూడు గీతలు ఆరు. మూడు కవర్లలో విడివిడిగా ఇచ్చాను కూడా.

"కవర్లేవి బాబాయ్?"

"పారేసేను. ఏటమ్మీ, అలగ నిలబడిపోనావు?"

చెప్పాను. ఆయన పళ్లెం వైపు చూశాడు, నా వైపు చూశాడు, కుర్చీలో కూలబడ్డాడు. "అయ్యో తల్లీ... అన్నీ ఒకలాటివే కదా అనుకున్నాను."

ఒకలాంటివే! అదే పొడి, అదే బరువు, అదే అచ్చు. కరెంటు పారడంలో తేడా ఉంటుందేమోనని మల్టీమీటర్ పెట్టాను, అంకెలు ఇష్టమొచ్చినట్టు తిరిగాయి. తూచాను. కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాను. నలుపు, నలుపు, నలుపు. ఎస్‌టీడీ బూత్‌కి పరిగెత్తి సార్‌కి ఫోన్ చేశాను. "మళ్లీ చేద్దామంటే పొడి ఏదమ్మా?" అన్నారు.

తిట్టాలని వెనక్కి వచ్చాను. బాబాయ్ అప్పటికే ఒక్కో ముక్కనీ పొడిగుడ్డతో తుడుస్తున్నాడు, దానివల్ల ఏదో తిరిగొస్తుందన్నట్టు.

"తెంపేద్దాం బాబాయ్," అన్నాను. ఇంకేం చెయ్యాలో తెలీక.

ఒక్కోటీ బిగించడం, లాగడం, టప్‌మని తెగడం, ఎంత బలానికి తెగిందో నేను రాసుకోవడం. అరవై మూడు. యాభై ఎనిమిది. డెబ్భై ఒకటి. యాభై తొమ్మిది. ఒక వరసా లేదు, ఒక గుంపూ లేదు. ఏమీ కలపని ఉత్త రెసిన్ అరవై దగ్గర తెగుతుంది.

"బాగా ఆగినయ్యన్నీ ఆరు గంటలయి అని రాసీ అమ్మీ. ఎవుడు సూసొచ్చేడు?"

"ఆరు గంటలు మంచిదో కాదో తెలుసుకోడానికే కదా బాబాయ్ ఇదంతా."

పదకొండో ముక్క తెగలేదు. డెబ్భై అయింది, ఎనభై దాటింది, మెషీన్ మూలుగుతోంది. తొంభై రెండు దగ్గర తెగింది. తొంభై రెండు! మా ల్యాబ్‌లో ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

బాబాయ్ చప్పట్లు కొట్టేశాడు. "సూసేవా అమ్మీ! ఇంతకీ ఇది ఎన్ని గంటలదీ..." అంటూనే మధ్యలో ఆగిపోయాడు. తల పక్కకి తిప్పుకున్నాడు.

నేను ఆ రెండు సగాల్నీ చేతిలోకి తీసుకున్నాను. తెగిన చోట కూడా నలుపే. నోట్‌బుక్‌లో పదకొండు అని వేసి ఎదురుగా తొంభై రెండు రాశాను. 'గంటలు' అన్న గడి దగ్గర పెన్ను పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టాను.

"పన్నెండోది బిగించీమంటావేటమ్మీ?" అన్నాడు బాబాయ్, చాలా మెల్లగా.

"బిగించు," అన్నాను.