మూత పెట్టిన అన్నం

"ఆడోళ్ళు టీ సంగతి సూసుకోండమ్మా. తుప్పల్లోకి మీరెందుకు?" అన్నాడు తవిటయ్య.

గౌరీశ్వరి చెవులకు శాలువా చుట్టుకుని, చేత కర్ర పట్టుకుని వెతకడానికే వచ్చింది. పక్క క్వార్టరులో ఉండే సూర్యకళ కనపడటం లేదని ఏడు గంటలకు తెలిసింది. ఎనిమిదికల్లా ఫ్యాక్టరీ టౌన్‌షిప్పులోని ఆ సెక్టారులో పాతికమంది పోగయ్యారు. మంచు ఇంకా విడలేదు. పది బారల దూరంలో మనిషి ఆనటం లేదు. తవిటయ్య రిటైరైనా ఆయన మాటంటే అందరికీ గురి. జనాన్ని మూడు జట్లు చేసి ఒకదాన్ని నీలగిరి తోటలోకి, ఒకదాన్ని బస్టాపుల వైపు పంపాడు. చెరువు గట్టుకు తనే బయల్దేరాడు. పోతూ పోతూ గౌరీశ్వరి చేతిలో కర్ర తీసుకుపోయాడు. ఆమె సూర్యకళ వంటింట్లోకి నడిచింది. మనిషి కోసం మనిషి వచ్చినా, ఆడదైతే చాలు, పొయ్యి చూపిస్తారు.

వరండాలో సూర్యకళ మొగుడు గురునాథరావు కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళకల్లా ఒకే మాట చెబుతున్నాడు. ఈ వారం తనకు సి షిఫ్టు, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా. నిన్న రాత్రి తొమ్మిదింటికి సూర్యకళ క్యారేజీ సర్ది పంపింది. డ్యూటీ దిగి ఈ పొద్దున్న వచ్చేసరికి బల్ల మీద టిఫిను లేదు. అప్పుడు తెలిసింది, మనిషి లేదని.

"నానేటి తక్కువ సేసినాను బావా దానికి? ఇంటికాడ కూకునే ఆడమనిసికి ఏటి కష్టం?" అని పక్కనున్న శ్రీరామ్మూర్తిని అడిగాడు. శ్రీరామ్మూర్తి గౌరీశ్వరి భర్త. ఆ రోజు అతనికి వీక్లీ ఆఫ్. "అదే గదా బావా" అని తలాడించాడు.

టీకి పాలు కావాలి. ఫ్రిజ్‌లో లేవు. పాలవాడు ప్యాకెట్లు వేసే వైరు బుట్ట పెరటి గ్రిల్లుకు వేలాడుతూ ఉంటుందని గౌరీశ్వరికి తెలుసు. వెళ్ళి చూస్తే అందులో నాలుగు ప్యాకెట్లు ఉన్నాయి. ఆ ఇంటికి రోజుకు రెండే. రెండింటి మీద ఈ రోజు తేదీ ఉంది. మిగతా రెండూ నిన్నటివి.

సూర్యకళ నిద్ర లేవగానే చేసే మొదటి పని ఆ బుట్ట తీయడం. జ్వరంలో కూడా తీసింది. నిన్న తీయలేదు.

గౌరీశ్వరి సింకులోకి చూసింది. అడుగున ఇడ్లీ తిన్న పళ్ళెం, చట్నీ ఎండి పెచ్చు కట్టింది. దాని మీద అన్నం గిన్నె, పులుసు గిన్నె. అన్నిటి పైనా నిన్న రాత్రి డ్యూటీకి పట్టుకెళ్ళిన క్యారేజీ, దానిలో అడుగున అంటిన పులిహోర మెతుకులు. సూర్యకళ చేయి పడి ఉంటే సింకులో ఒక చెంచా కూడా మిగిలేది కాదు. వంటలన్నీ ముందే వండిపెట్టినవి. ఇడ్లీ హాట్‌బాక్సులో, టీ ఫ్లాస్కులో, పులుసూ పులిహోరా చలికి ఒక రోజు పాడవనివి. ఎండాకాలమైతే మధ్యాహ్నానికే కంపు కొట్టి బయటపడేది. చలికాలంలో సి షిఫ్టు వారం చూసుకుని, మొన్న సోమవారం రాత్రి మొగుడి స్కూటరు మలుపు తిరగగానే ఆమె గడప దాటింది. నిన్నంతా ఆ ఇంట్లో ఆమె లేదు. ఆమె వంట ఉంది.

గౌరీశ్వరి టీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్ళి గురునాథరావుకిచ్చి మెల్లగా అడిగింది.

"అన్నయ్యా, నిన్న మజ్జానం వదిన్ని సూసినారా?"

"సూడకేటి? అన్నం ఎట్టింది గదా."

"వడ్డించిందా?"

"మూత ఎట్టి ఉంచింది" అన్నాడు. తర్వాత విసుక్కున్నాడు. "డ్యూటీ సేసొచ్చి తొంగున్నోడిని, అవన్నీ నాకేటి తెలుస్తాయమ్మా?"

అతను అబద్ధం ఆడటం లేదు. అన్నం ఉంది కాబట్టి పెళ్ళాం ఉందనుకున్నాడు.

గౌరీశ్వరికి ముందు వచ్చింది భయమే. చెరువు గుర్తొచ్చింది. నెల కిందట సూర్యకళ చెంప వాచి కనపడింది. పంటి నొప్పి అంది. గౌరీశ్వరి లవంగ నూనె తెచ్చిచ్చింది. అది పంటి నొప్పి కాదని ఇద్దరికీ తెలుసు. అడిగితే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని గౌరీశ్వరి అడగలేదు. అంతకు ముందు సూర్యకళ రవికలు కుట్టేది. ఊళ్ళో ఆడాళ్ళ గుడ్డలు నా ఇంట్లో ఏటని గురునాథరావు ఒక రోజు అన్నీ రోడ్డు మీదికి విసిరేశాడు. అందులో గౌరీశ్వరి రవిక కూడా ఉంది. ఆమె ఏరుకుని, మట్టి దులుపుకుని, ఏమీ అనకుండా ఇంటికి వచ్చేసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఏమీ అనకుండా వచ్చేయడం ఆమెకు బాగా వచ్చిన విద్య. శ్రీరామ్మూర్తి కొట్టడు. "నీకేటి తెలుసు?" అంటాడు, అంతే. అది దెబ్బ కాదని చాలా కాలం అనుకుంది.

పడగ్గది మూలన కుట్టు మిషను మీద పువ్వుల ముసుగు అలాగే ఉంది. పొద్దున్నుంచి ఆ గదిలోకి పదిమంది తొంగిచూశారు. గౌరీశ్వరి ముసుగు ఎత్తింది. కింద స్టాండు ఉంది, ముసుగు ఎత్తు తగ్గకుండా బోర్లించిన డబ్బా ఉంది. మిషను తల లేదు. ఇనపది, పది కిలోలకు తక్కువుండదు. చావబోయే మనిషి అంత బరువు మోసుకుపోదు.

ఆమె ముసుగు మళ్ళీ సర్దింది. నిన్నటి పాలు సింకులో పోసి, ప్యాకెట్లు చుట్టి కొంగున ముడేసుకుంది. గిన్నెలన్నీ తోమి బోర్లించింది.

తవిటయ్య మోకాళ్ళ దాకా తడిసి వచ్చాడు. చెరువులో దిగి గుర్రపుడెక్క కింద కర్రతో వెతికాడట. పళ్ళు టకటకలాడుతున్నాయి. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. "ఏ పాపం ఎరగని పిల్ల" అన్నాడు. ఆయన మంచివాడే. ఆయన ముందు నిలబడటం గౌరీశ్వరికి కష్టమైంది. ఒక్క మాట చెబితే ఈ ముసలాయన నీళ్ళలోంచి బయటపడతాడు. ఆ మాటే సూర్యకళను జుట్టు పట్టి ఈ వరండాలోకి తెస్తుంది.

పదకొండింటికి ఎస్సై వచ్చాడు. గేటు కెమెరాలు నిన్న రాత్రి తొమ్మిది నుంచి చూశామని, ఆమె ఎక్కడా లేదని చెప్పాడు. భర్త కాకుండా నిన్న ఆమెను చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. లేకపోతే మొన్న రాత్రి నుంచి చూడాలన్నాడు.

"నాను సూసినానండి" అంది గౌరీశ్వరి. "నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి. పెరట్లో పావుగంట మాటాడుకున్నాం."

గురునాథరావు ఊపిరి పీల్చుకుని "నాను సెప్పలేదా" అన్నట్టు అందరినీ చూశాడు. ఎస్సై పుస్తకం తీశాడు. ఇంకెవరైనా విన్నారా అన్నాడు.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు గౌరీశ్వరి పెరట్లో లేదు. ముందుగదిలో శ్రీరామ్మూర్తి టీవీ చూస్తూ కాలు చాపితే, నేల మీద కూర్చుని అతని మోకాలికి కర్పూరం నూనె మర్దనా చేస్తోంది. తొమ్మిది నుంచి పది దాకా, చేతులు నొప్పెట్టేదాకా చేసింది. ఆ సంగతి ఇంకొక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

శ్రీరామ్మూర్తి గొంతు సవరించుకున్నాడు.

"ఔనండి. ఈవిడ పెరట్లోనే ఉంది. మంచినీళ్ళకి రెండుసార్లు కేకేసినాను, రాలేదు. ఆడోళ్ళ మాటలు తెగవు గదా."

ఎస్సై రాసుకున్నాడు. గౌరీశ్వరి భర్త మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. అది అబద్ధం చెబుతున్నవాడి మొహం కాదు.