ఎడమచుట్టు మెలిక

కంటికి ఆనేంతవరకే చెప్పుకుంటే నేను ఒక చిటికెడు తెల్లపొడిని. నీళ్లలో కలిపి బ్యాక్టీరియా ఒంటిపొర దగ్గరికి చేర్చినప్పుడే నా అసలు రూపం బయటపడుతుంది. ఇరవై అమినో ఆమ్లాల గొలుసును నేను. అక్కడికి చేరగానే స్ప్రింగులా మెలితిరుగుతాను. నాలో ఒక పక్క నీటితో పొసగుతుంది, రెండో పక్క నూనెతో. ఆ రెండు ముఖాలతోనే పొరలోకి దూరి చిల్లులు పొడుస్తాను.

ఇలాంటి గొలుసు మొదట ఒక కప్ప చర్మంలో దొరికింది. ప్రాణుల ఒంట్లో ఉండే అమినో ఆమ్లాలు దాదాపు అన్నీ ఒకే వైపు తిరిగినవి కాబట్టి దాని మెలిక కుడిచుట్టు. బ్యాక్టీరియాను బాగానే చంపేది గానీ పుండు రసిలో ఎక్కువసేపు నిలిచేది కాదు. అక్కడి ఎంజైములు కత్తెరల్లా దాన్ని ముక్కలు చేసేవి. అందుకని హైదరాబాదులో ఎస్తేరు అనే పరిశోధక విద్యార్థిని అదే వరుసను అద్దంలో ప్రతిబింబంలా తిరగేసి నన్ను కట్టింది. నా మెలిక ఎడమచుట్టు. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్టే ఆ కత్తెరలకు నేను పట్టను. మెలిక ఎటు తిరిగిందో చూపే యంత్రంలో పెట్టి కాంతి పంపితే, కప్ప గొలుసుకు కిందికి దిగిన గీత నాకు పైకి లేచింది. ఎస్తేరు ఆ గీతను చాలాసేపు చూస్తూ కూర్చుంది.

ఆ నెలలోనే చీరాల దగ్గర రైసుమిల్లులో బాయిలరు పేలి ఆమె అన్న ప్రభుదాసు తొడలు రెండూ కాలిపోయాయి. అమ్మానాన్నలు పోయాక చదువు మానేసి ఆమెను పెంచినవాడు అతనే. హైదరాబాదు ఆస్పత్రికి తెచ్చేసరికి పుండ్లకు చీము పట్టింది. ఉన్న మందుల్లో ఒక్కటీ ఆ బ్యాక్టీరియా మీద పనిచెయ్యలేదు. డాక్టరు దాన్ని ఒక ప్లేటులో పెంచి ఎస్తేరుకు ఇచ్చాడు. నన్ను ఒక్క చుక్క వేస్తే మర్నాటికి చుట్టూ బ్యాక్టీరియా చచ్చి అద్దంలా తేటపడింది.

తర్వాత అన్న రక్తం కొంచెం తెచ్చి అందులోనూ కలిపింది. గంటకల్లా గొట్టంలో ఎర్రకణాలు పగిలి పైనీరంతా ఎర్రబడింది.

“పొరకు కుడిఎడమలు తెలియవమ్మా,” అన్నాడు ఆమె గైడు శ్రీధరాచారి. “కత్తెరను తప్పించుకున్నాం. రక్తకణాన్ని తప్పించలేకపోయాం.”

“పుండు మీద వరకే రాస్తే, సార్?”

“తోలు లేనిచోట రాస్తే రక్తంలోకి పోకుండా ఎలా ఉంటుంది? లోపలికి పోయాక దాన్ని ముక్కలు చేసేదేదీ లేదు. మనం కోరి కట్టిందే అందుకు కదా.”

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మనుషులు ఒక గుణాన్ని అడుగుతారు. అది వచ్చాక, ఎక్కడ ఆగాలో చెప్పడం మరిచామని గుర్తొస్తుంది.

అయినా మరునాడు ఆమె నన్ను ఐసుడబ్బాలో పెట్టుకుని వార్డుకు వెళ్లింది. ప్రభుదాసు కళ్లు తెరిచి సీసాను చూశాడు.

“అదేనా?”

“అదే అన్నా. నీ పుండులో పురుగుల్ని చంపుద్ది.”

“రాయి మరి.”

“నీ రక్తాన్నీ చంపుద్ది.”

కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే అడిగాడతను.

“మరైతే ఎందుకు తెచ్చావే చిన్నమ్మా?”

ఆమె డబ్బా మూతపెట్టి అతని పాదాలు పట్టుకుని కూర్చుంది. చల్లబడుతున్న ఆ పాదాలను సాయంత్రందాకా రుద్దుతూనే ఉంది.

నా నూనెపక్కను కొంచెం తగ్గిస్తే రక్తకణాలు బతుకుతాయేమోనని గైడు అన్నాడు. రెండు అమినో ఆమ్లాలు మార్చి ఎస్తేరు కొత్త గొలుసు మొదలుపెట్టింది. కట్టి, శుద్ధిచేసి, ఆరబెట్టడానికి పది రోజులు పడుతుంది. నాలుగో రోజు చేతులకు గ్లవ్స్ ఉండగానే ఫోను మోగింది. చీము రక్తంలోకి ఎక్కిందని, ప్రభుదాసు పోయాడని చెప్పారు.

చీరాలలో మట్టిచేసి వచ్చి, ఆగిన చోటినుంచే పని అందుకుంది. చెయ్యడానికి ఆమెకు ఇంకేమీ లేదు. కొత్త పొడి తయారైంది. అన్న రక్తం లేదు కాబట్టి తన రక్తంతోనే చూసుకుంది. ఒక్క కణం కూడా పగల్లేదు. ప్లేటు మీద వేస్తే ఒక్క బ్యాక్టీరియా కూడా చావలేదు.

ఎస్తేరు రెండు ఫలితాలూ నోటుబుక్కులో రాసి సంతకం పెట్టింది. కొత్త సీసాను తెచ్చి నా పక్కన పెట్టింది. డీప్ ఫ్రీజరు తలుపు సరిగా పడలేదు. భుజంతో నెట్టి మూసి వెళ్లిపోయింది.