ఎడమ చెయ్యి ముందు

కాలేజీ కుస్తీ కోచ్‌కి నోరెక్కువ. ఆయన చెల్లెలికి అంతకంటే ఎక్కువ. ఆవిడ అక్కడే ఫిజియోథెరపిస్టు. ఉప్పూ నిప్పూ లాంటి ఆ ఇద్దరికీ కలిపి ఒకే గది ఇచ్చిన మహానుభావుడెవరో గానీ, వాడికో దండం.

రేపు ఫైనల్. కుర్రాళ్లు ఒక్కొక్కరే వచ్చి, చొక్కా విప్పి బరువు చూసుకుని, మళ్లీ తొడుక్కుని పోతున్నారు. నొప్పి అన్న మాట ఒక్కడి నోటా రాదు. వస్తే కోచ్ వాడికి ‘గాజుబొమ్మ’ అని పేరు పెడతాడు. చదువు వదిలినా ఆ పేరు వదలదు.

నోరు దాచింది చొక్కా చెప్పేసింది. అందరూ ఎడమ చేతినే ముందు దూరుస్తున్నారు. నొప్పున్న చెయ్యి వెనక్కి తిరగదు, అందుకని మనిషి దాన్నే ముందు దూరుస్తాడు. ఇన్నాళ్లూ కళ్లు ఎక్కడ పెట్టుకున్నానా అని ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

చివరికి కోచ్ కొడుకు వచ్చాడు. వాడూ అంతే. ఆవిడ చొక్కా లాగేసి మేనల్లుడి భుజం నొక్కింది. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వీణ్ణి రేపు దింపితే ఆ కీలు మళ్లీ కుదురుకోదని అన్నతో తెగేసి చెప్పింది. వేరే కాలేజీల్లో మోకాళ్లు పోతాయి, చెవులు నలిగిపోతాయి, ఇక్కడ మాత్రం అందరికీ ఎడమ భుజమే పోతోందంటే, మనిషిని దానిమీద ఎత్తి పడేసే నీ ముద్దుల పట్టే కారణమంది.

“పుట్టింటి మీద ఏడుపెందుకే నీకు?” అన్నాడాయన. ఆ పట్టుతోనే తనకు పతకం వచ్చిందని, దాని పుణ్యానే ఆవిడకిక్కడ ఉద్యోగం దొరికిందని దెప్పాడు. విసురుగా లేచి, కుర్చీ మీది జాకెట్ అందుకున్నాడు.

ఎడమ చేతినే ముందు దూర్చాడు.

ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “అన్నయ్యా, ఆ చెయ్యి ఓసారి పైకెత్తు.”

పౌరుషం కొద్దీ ఎత్తబోయాడు. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. పళ్లు బిగించినా కదల్లేదు.

కొడుకు దాన్నే చూస్తున్నాడు. “చిన్నప్పుడు భుజాలెక్కించుకోమంటే తిట్టి తరిమేవాడివి నాన్నా. నేనంటే నీకిష్టం లేదనుకున్నా. ఇష్టపడతావనే ఈ పట్టు నేర్చుకున్నా.”

కోచ్ చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు. కొంపలు కూల్చేదానివన్నాడు, చచ్చేదాకా నీ మొహం చూడనన్నాడు, రేపు కొడుకు బదులు వేరేవాణ్ణి దింపి ఓడిపోతే ఆ పాపం నీదేనన్నాడు. ఆవిడా ఊరుకోలేదు, మాటకి మాట అప్పజెప్పింది.

అలా తిడుతూనే ఆయన కొడుకు చొక్కాని నేల మీంచి తీశాడు. ఎడమ చేతి వైపు తెరిచి, వాడి ముందు పట్టుకున్నాడు.