పెద్దసారు జేబులో తాళంచెవి

నేను ఒక ఇత్తడి తాళాన్ని. అలీగఢ్‌లో పుట్టాను. ఏడు లీవర్లు ఉన్నాయని నా నడుం మీద చెక్కి మరీ పంపారు. నన్ను చూసి దొంగలు తప్ప ఇంకెవరూ భయపడకూడదని నన్ను చేసిన ముసలాయన అనుకొని ఉంటాడు. పాపం, ఆయనకు మా పెద్దసారు సంగతి తెలియదు.

మొదట తొమ్మిదేళ్లు ఒక కిరాణా దుకాణం షట్టరుకు కాపలా కాశాను. ఒకసారి ఎవడో గడ్డపారతో నా మీద పడ్డాడు. ఆ సొట్ట నా కుడిచెంప మీద ఇంకా ఉంది, కానీ నేను నోరు విప్పలేదు. తెల్లారి సేటు నన్ను తుడిచి బొట్టు పెట్టాడు. తర్వాత ఆయన కొత్త షట్టరు పెట్టించుకొని, నన్ను ఊరి ప్రాథమిక పాఠశాలకు దానం ఇచ్చాడు. బడి అనగానే పొంగిపోయాను. పుస్తకాల బీరువాకో, బియ్యం గదికో వేస్తారనుకున్నాను.

పిల్లల మరుగుదొడ్డికి వేశారు.

అది కొత్తగా కట్టినప్పుడు రిబ్బను కత్తిరించారట, ఫొటోలు దిగారట. నెల తిరిగేసరికి కంపు మొదలైంది. కడిగే మనిషి లేదు. నలభై ముగ్గురు పిల్లలకు ఇద్దరే పంతుళ్లు, కడగడం ఎవరి పనో ఏ కాగితంలోనూ లేదు. అక్కడిదాకా పెద్దసారు విఠల్‌ను నేనేమీ అనను. కానీ ఆయన కడిగే మనిషిని వెతకడం మానేసి తాళాన్ని వెతికాడు. ఒకసారి శుభ్రంగా కడిగించి, నన్ను బిగించి, చెవిని చొక్కా జేబులో వేసుకున్నాడు. టీచరమ్మ అడిగితే ఇచ్చేవాడు. వారానికోసారి నన్ను తీసి, తళతళలాడే ఆ గదికి ఫొటో తీసి పైకి పంపేవాడు.

పిల్లలు గోడ వెనక తుమ్మచెట్లలోకి వెళ్లాలి. అది రోడ్డు మీదివాళ్లకు కనబడే చోటు. మగపిల్లలు వెళ్లారు. ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేశారు. అది రోజూ కళ్లారా చూస్తూ వేలాడటమే నా ఉద్యోగం. థూ, అదీ ఒక ఉద్యోగమేనా?

మూడో తరగతి రుత్విక నీళ్ల సీసా ఎలా వచ్చిందో అలాగే ఇంటికి పోయేది. ఆ పిల్లకు రెండుసార్లు జ్వరం, ఒంటికి పోతే మంట. పిల్ల నీళ్లు ఎన్ని తాగుతోందని డాక్టరు తల్లి గంగమణిని అడిగాడట. ఆమె బీడీలు చుడుతుంది. ఇంటికి వచ్చి కూతుర్ని బుజ్జగించి అడిగాక విషయం బయటపడింది. మర్నాడు పొద్దున్నే బీడీల చాట పక్కన పెట్టి బడికి వచ్చింది.

ఆఫీసు గది కిటికీ నాకు ఎదురుగానే. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. పిల్లలు పాడుచేస్తారని పెద్దసారు చెప్పాడు. నచ్చకపోతే ప్రైవేటు బడిలో వేసుకోమన్నాడు. ఆమె కదలకపోయేసరికి ఒక రిజిస్టరు తీసి ముందు పెట్టాడు. పోయిన నెల తల్లిదండ్రుల మీటింగు తీర్మానం. మరుగుదొడ్డి పిల్లల వాడుకలో ఉన్నదనీ, తల్లిదండ్రులు సంతృప్తి చెందారనీ అందులో రాసి ఉంది.

"సంతకం నీదే గదమ్మా?" అన్నాడు.

ఆమెదే. ఆ రోజు తల్లులను గంటసేపు వరండాలో నిలబెట్టారు. బీడీలు అప్పజెప్పే వేళ మించిపోతోందని అందరూ గబగబా సంతకాలు పెట్టి పరుగెత్తారు. నేను చూశాను, ఒక్కరూ చదవలేదు. ఆ సంతకం చెయ్యడం గంగమణి చిన్నప్పుడు ఈ బడిలోనే నేర్చుకుంది. ఆమె రిజిస్టరు మూసి వెళ్లిపోయింది. ఇంత ఇత్తడి ఒంట్లో పెట్టుకొని నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

పది రోజులకు మండలం నుంచి ఆఫీసరు వచ్చాడు. మండలంలోకెల్లా శుభ్రమైన మరుగుదొడ్డి మాదేనట, ప్రశంసాపత్రం తెచ్చాడు. పిల్లలెవరూ కాలుపెట్టని గది శుభ్రంగా కాక ఎలా ఉంటుంది? పిల్లలను వరసలో నిలబెట్టారు, చప్పట్లకని తల్లులనూ పిలిచారు. పెద్దసారు నన్ను తీశాడు. ఆఫీసరు గుమ్మంలోంచి లోపలికి చూసి శభాష్ అన్నాడు. అప్పుడు గంగమణి ముందుకొచ్చింది.

"సార్, ఒక్క మాట. లోపల నల్లా ఏ దిక్కుకున్నదో ఈ పిల్లలల్ల ఒక్కర్ని చెప్పుమనుండ్రి."

కుళాయి ఏ పక్కన ఉందని ఆఫీసరు నవ్వుతూనే అడిగాడు. ఒకడు ఎడమ అన్నాడు, ఇంకొకడు కుడి అన్నాడు. ఒక చిన్నది, లోపల నల్లా ఉన్నదా అని పక్కపిల్లను అడిగింది. ఐదో తరగతి ఆడపిల్లలు తల వంచుకున్నారు. ఆఫీసరు నవ్వు ఆగిపోయింది.

"మూడేండ్ల సంది నా బిడ్డ పొద్దంత దూప ఆపుకుంటున్నది సార్," అంది గంగమణి. "రిజిస్టర్ల సంతకం నాదే. చదువకుండ పెట్టిన, అది నా తప్పే. గని ఈ తాళం నాది గాదు."

మిగతా తల్లులు వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. చదవనిదే ఇక దేనికీ సంతకం పెట్టబోమన్నారు. ఆఫీసరు ప్రశంసాపత్రాన్ని మళ్లీ ఫైలులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి తలుపు తెరిచే ఉంది. కడిగే మనిషి రావడానికి మరో రెండు నెలలు పట్టింది. అంతవరకూ ఆ తల్లులే వంతులవారీగా కడిగారు. కాగితంలో లేని పని చివరికి ఎవరి నెత్తిన పడుతుందో ఇన్నేళ్లకు నాకు తెలిసింది.

నన్ను పారేయమని గంగమణి అడిగింది. సెలవు రోజులకు కావాలన్నాడు పెద్దసారు. అందుకే తెరిచిన నోటితో గొళ్లేనికి వేలాడుతున్నాను. పాత ఇనుప సామాన్లవాడి కేక వింటే ఏ తాళానికైనా గుండె గుభేలుమంటుంది. నేను మాత్రం వాడు ఎప్పుడొస్తాడా అని చెవులు రిక్కించి ఉన్నాను.

ఎందుకంటే రోజూ పొద్దున రుత్విక సంచి కింద పెట్టగానే సీసా పట్టుకొని నా దగ్గరికి వస్తుంది. లోపలికి పోదు. నన్ను వేలితో కదిపి, తీసి ఉన్నానో లేదో చూసుకుంటుంది. ఆ తర్వాతే సీసా మూత తిప్పి నీళ్లు తాగుతుంది.