జగన్మోహనరావు గారి పెద్ద రేడియేటరు

అవనిగడ్డలో జగన్మోహనరావు గారికి వాళ్ళ నాన్నగారి నాటి పికప్పు ట్రక్కు ఒకటి ఉండేది. ఎర్ర రంగు, గుండ్రటి మొహం, గుడ్లురిమినట్టుండే దీపాలు. రెండు వేల ఒకటిలో ఆయన జడ్పీటీసీకి నిలబడ్డారు. మిగతావాళ్ళు అద్దె జీపుల్లో తిరుగుతుంటే తను ఆ పికప్పు మీద నిలబడి దండం పెడుతూ వస్తే చాలని, ఉపన్యాసం కూడా అక్కర్లేదని ఆయన నమ్మకం. చిక్కల్లా రేడియేటరుతోనే. దానికి మాటు వేయని చోటు లేదు. ఇంజను వేడెక్కితే ఆ మాట్లే ఊడొస్తున్నాయి.

బండిని బందరు లాక్కెళ్ళి యలమంద షెడ్డులో పెట్టించారు. యలమంద పనిమంతుడే గానీ పెద్దవాళ్ళ మాటకి అడ్డు చెప్పడం అతనికి చేతకాదు.

"దీని పని అయిపోయిందండీ. నా దగ్గర జీపు రేడియేటరు ఉంది. చక్కగా కూర్చుంటుందండీ."

జగన్మోహనరావు గారు దాన్ని కాలితో కదిపి చూశారు. "ఇంత చిన్నదా? జిల్లా పరిషత్తుకి పోటీ చేసేవాడి బండికి పెట్టేదేనా ఇది?"

"చిన్నదేనండీ," అని వెంటనే ఒప్పుకున్నాడు యలమంద.

గుడివాడ పాత ఇనప కొట్టు నుంచి లారీ రేడియేటరు తెప్పించారు. అమర్చి చూస్తే జానెడు ఎత్తు ఎక్కువైంది, బానెట్టు మూతపడలేదు. ముందున్న జాలీ కొంచెం కోద్దామన్నాడు యలమంద.

"మొహం కోస్తావా? పోస్టర్ల మీద నా పక్కన వేయించింది ఆ మొహమే!"

రేడియేటరుని వెనక్కి వాల్చి బిగించారు. బానెట్టు పడింది గానీ ఫ్యాను రెక్కలు తగిలాయి.

"రెక్కలు కోసెయ్."

"గాలి తగ్గుతుందేమోనండీ..."

"బండి పరిగెడుతుంటే గాలి రాదా?"

"ఎందుకు రాదండీ!" అని రెక్కలు కోసేశాడు యలమంద.

నిజంగానే చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరేదాకా వేడి చూపే సూది కదల్లేదు. ప్రచారానికి నువ్వే డ్రైవరువి అని యలమందని అక్కడే ఉంచేసుకున్నారు.

కానీ ఊరేగింపులో బండి పరిగెత్తదు కదా. డప్పుల వెనక, నడిచే జనం మధ్య, నెమ్మదిగా పాకాలి. నాగాయలంక దాటి సముద్రం వైపు చేపలవాళ్ళ ఊరికి వెళ్ళేసరికి పికప్పు బుస్సుమంది. ఆవిరి కమ్మేసింది. ఆ ఆవిరి లోపల జగన్మోహనరావు గారు చేతులు జోడించే ఉన్నారు గానీ ఎవరికీ కనపడలేదు.

ఆవిరి విడేసరికి ఎదురుగా ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు. కాలవకి ఇంకా నీళ్ళు వదల్లేదు, మంచినీళ్ళ చెరువు ఎండిపోయింది. ఓట్లకొచ్చేవాళ్ళని అడుగుదామనే పొద్దుట్నుంచీ రోడ్డు మీద కూర్చున్నారు. అందరికంటే ముందు చేపలమ్మే పున్నమ్మ ఉంది.

"అమ్మా, బండికి రెండు బిందెల మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు యలమంద.

"బోరు కొట్టుకో."

"అవి ఉప్పునీళ్ళమ్మా. కొత్త రేడియేటరుని తినేస్తాయి."

"మేం తాగేది అవే నాయనా. మా పేగులకి పర్లేదా?"

జగన్మోహనరావు గారు కిందికి దిగారు. "గెలిచాక ఇంటింటికీ కొళాయి వేయిస్తానమ్మా. ప్రస్తుతానికి ఈ బండికి..."

"ప్రస్తుతానికి మాకు పోయించండి బాబుగారూ. మిగిల్తే బండికి," అని పున్నమ్మ బంపరు మీద కూర్చుంది.

కార్యకర్తలు ఒక్కొక్కరే మోటారు సైకిళ్ళెక్కి జారుకున్నారు. బండిని వదిలి వెళ్తే అవతలివాళ్ళు ఫొటోలు తీయించి పేపర్లో వేయిస్తారని జగన్మోహనరావు గారి భయం. చేసేది లేక ఊళ్ళో ఉన్న ఒక్క ఫోను దగ్గరికి నడిచివెళ్ళి అవనిగడ్డ నుంచి ట్యాంకరు పిలిపించారు. ఊళ్ళో బిందెలన్నీ నిండాక, పున్నమ్మే స్వయంగా రెండు బిందెలు తెచ్చి రేడియేటరులో పోసింది.

ఆ ఎన్నికలో ఆయన ఓడిపోయారు. మెజారిటీ వచ్చింది ఆ ఒక్క ఊళ్ళోనే.

"చూశావా యలమందా," అన్నారాయన. "ఊరూరా బండి ఆగిపోయి ఉంటే గెలిచేవాణ్ణి."

గెలిచినాయన ధన్యవాదాలు చెప్పుకోవడానికి జీపులో ఆ ఊరు వెళ్ళాడు. పున్నమ్మ ఎదురొచ్చి మెళ్ళో దండ వేసి, నవ్వుతూ జీపు తాళం చెవి లాక్కుని కొంగున ముడేసుకుంది. ట్యాంకరు వచ్చాకే ఇచ్చింది.