పది గంటల దేముడమ్మ

సాఫ్ట్‌వేర్ బాగుపడింది, నేను చెడ్డాను. ఈ మాట మా మేనేజర్ గౌరీశంకర్ గారి దగ్గర అనలేదు. కొత్త వెర్షన్ వచ్చిన రోజు ఆయన స్వీట్లు పంచారు మరి.

మాది చోడవరంలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసు. చుట్టుపక్కల రైతుల వివరాలన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. ఈ వైపు ఏ ఊళ్లో "దేముడమ్మా" అని కేకేసినా నలుగురు పలుకుతారు. అందుకని ఒకే పేరు రెండుసార్లు ఎక్కితే పాత వెర్షన్ దాన్ని నాకు పంపేది. ఊళ్ళు తిరిగి పేర్లెక్కించే ఫీల్డ్ వాళ్ళని అడిగి, మనిషి ఒకరో ఇద్దరో నేను తేల్చాలి. తెర మీద బటన్ నొక్కితే ఫోన్ కలిసేది. ఒకరి నంబరు ఒకరికి కనిపించదు.

చీడికాడ ఫీల్డ్‌లో ధర్మతేజ ఉండేవాడు. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. రోజూ పదింటికి అతని ఊళ్ళ నుంచి ఒక డూప్లికేట్ తప్పకుండా వచ్చేది.

"సత్యశ్రీ గారూ, ఈరోజు ఏ దేముడమ్మండీ?"

"కొండకింద ఈదిలో దేముడమ్మ. ఒకర్తా, ఇద్దరా?"

"ఒకర్తేనండి. ఇందాకే సూసేను, మేకని తిడతంది."

రెండు నిమిషాల పని ఇరవై నిమిషాలు సాగేది. ఇతని పనంతా తప్పులతడకే అని పైకి విసుక్కునేదాన్ని, తొమ్మిదిన్నర నుంచే గడియారం చూసుకునేదాన్ని. సొంత నంబరు అడగడానికి మాత్రం ఎనిమిది నెలల్లో ఇద్దరికీ నోరు రాలేదు.

కొత్త వెర్షన్ ఒక శనివారం పొద్దున్నే వచ్చింది. అది డూప్లికేట్లను ఎవరినీ అడక్కుండా తనే కలిపేస్తుంది. ఆ రోజు పదింటికి ఫోన్ లేదు. సాయంత్రానికి ఫీల్డ్ వాళ్ళనే తీసేశారు. ధర్మతేజ విశాఖపట్నంలో ఏదో ఫ్యాక్టరీలో చేరాడని విన్నాను. గౌరీశంకర్ గారిని నంబరు అడగొచ్చు. అడిగితే మధ్యాహ్నం భోజనాల వేళకల్లా మా అమ్మకి తెలిసిపోతుంది. మూడు వారాలు పదింటికి ఆ తెర వైపు చూస్తూ కూర్చున్నాను. అతని గొంతు కోసం బెంగ పెట్టుకున్నాను, అంతే.

ఈరోజు పొద్దున్న గౌరీశంకర్ గారు పిలిచారు.

"కలిపినవి సరిగ్గా కలిపిందో లేదో ఓపాలి సూడమ్మా. హిస్టరీ అని కొత్తది పెట్టేరు. ఎవులు ఎప్పుడు ఎక్కించేరో అన్నీ సూపిస్తంది."

చూశాను. చీడికాడ డూప్లికేట్లన్నీ ధర్మతేజ లాగిన్‌తోనే ఎక్కాయి. రోజూ తొమ్మిదీ యాభై అయిదుకే. పొరపాటు చేసేవాడు ఇంత టైము ప్రకారం చెయ్యడు. దొంగ! నా విసుగంతా భరించి, లేని తప్పులు మోశాడు.

ఆఖరి శనివారం కూడా అదే సమయానికి ఒకటుంది. ఈసారి పేరు దేముడమ్మ కాదు. తనని తానే రైతుగా రెండుసార్లు ఎక్కించుకున్నాడు. మొదటిదానిలో కంపెనీ ఇచ్చిన ఫోన్ నంబరు, రెండోదానిలో సొంత నంబరు. నంబర్లు వేరైతే నా దాకా వస్తుందని ఆశపడ్డాడేమో. సాఫ్ట్‌వేర్ క్షణంలో రెండూ కలిపేసి, రెండోదాన్ని హిస్టరీలోకి నెట్టేసింది.

మేడ మీదకి వెళ్ళి ఆ నంబరు కొట్టాను.

"ధర్మతేజ అనే పేరు రెండుసార్లు ఎక్కిందండీ. ఒకరా, ఇద్దరా?"

అవతల మిషన్ల చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడు దూరమైంది, అతను బయటికి వచ్చినట్టున్నాడు.

"కొత్త సాఫ్ట్‌వేర్ సానా ఫాస్టని సెప్పేరు కదండీ," అన్నాడు. "మూడు వారాలు పట్టిందేటండీ?"